బూడిదకి ఎడమ ఎటు?

ఇంట్లో లేని ఇంటాయన గారికి,

మీ ఉత్తరం నిన్న చేరింది. రేవులో పూడిక అనుకున్నదానికంటే గట్టిగా ఉందనీ, ఓడ మీద పంపులు రోజుకొకటి మొరాయిస్తున్నాయనీ, అందుకని మీ పని ఇంకో రెండు నెలలు పొడిగించారనీ రాశారు. భోజనం బాగుందన్నారు, సంతోషం. చివర్లో, చెప్పులేసుకుని గుమ్మం దాటుతుంటే ఏదో గుర్తొచ్చినట్టు, ఒక్క వాక్యం పడేశారు. "ట్రాక్టరు సంగతి వచ్చే ఏడు చూద్దాంలే" అని. ఉత్తరం మడిచి గూట్లో పెట్టాను. కాసేపాగి మళ్లీ తీసి చదివాను. మార్పేమీ లేదు, అదే వాక్యం.

వచ్చే ఏడు ఏం చూస్తారండీ? ఈసారి పాత ట్రాక్టర్ల సంఘం వాళ్ల ప్రదర్శన మా విత్తనాల ఫారంలో పెడుతున్నారని మీకు తెలుసు. అది కాగానే ఫారం మూసేసి, ఆ నేలలో గోదాములు కడతారనీ తెలుసు. వచ్చే ఏటికి ఆ గేటు ఉండదు. పదకొండేళ్లు ఆ గేటులోంచి పొద్దున్నే ఆ బూడిదరంగు ట్రాక్టరుని, నా బూడిదని, బయటికి తోలిందీ, సాయంత్రం లోపలికి తోలిందీ నేను. కొత్త బళ్లొచ్చాక దాన్ని తుక్కు కుప్పలో పడేశారు, నన్ను సంచులు కుట్టే గదిలో పడేశారు. నన్ను నేను తెచ్చుకోలేకపోయాను గానీ, దాన్ని మాత్రం తెచ్చుకున్నాను. ఆ గేటు మూతపడేలోపు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, దాని మీద కూర్చుని లోపలికి వెళ్లాలని మూడేళ్లుగా మీ చెవిలో పోరుతూనే ఉన్నాను.

మీరేం చేశారు? ఓడెక్కే ముందు వారం రోజులు షెడ్డులో కూర్చుని దాన్ని ముక్కముక్కలుగా విప్పేశారు. నీలం పొగ వస్తోంది, రింగులు పోయాయి, నేనొచ్చి బిగిస్తాను, నువ్వు ముట్టుకోకు అన్నారు. ఇవాళ లోపలికెళ్లి లెక్కపెట్టాను. యాభై మూడు డబ్బాలు. బిస్కెట్లవీ, పాలపొడివీ, రంగులవీ, నా అప్పడాల డబ్బా కూడా ఒకటి, రెండేళ్లుగా వెతుకుతున్నాను దాన్ని. ఒక్కోదానికీ దారంతో ఒక చీటీ. మీ రాత గురించి నేనేమీ అనను. కానీ "ఇంజను పక్కది, ఎడమ" అని ఒక చీటీ, "అదే, రెండోది" అని ఇంకో చీటీ, ఒకదాని మీద ఉత్త "జాగ్రత్త" అని మాత్రమే. ఏమిటండీ జాగ్రత్త? లోపల చూస్తే ఒక స్ప్రింగు, మూడు వాషర్లు, ఒక చచ్చిన బొద్దింక ఉన్నాయి.

అసలు ఒళ్లు మండింది ఎప్పుడంటే, బజారులో సంఘం కార్యదర్శి కనిపించినప్పుడు. అదేనండీ, చేతికి మైకు దొరికితే వదలడని అందరూ మైకుగారు అంటారే, ఆయన. "మీవారి బండి ఎంతవరకు వచ్చిందమ్మా?" అన్నాడు. బాగానే ఉందండీ అని నవ్వుతూ చెప్పి వచ్చేశాను. మీవారి బండి! ఆ మాట సంచీలో కూరగాయలతో పాటు ఇంటిదాకా వచ్చింది. కూరగాయలు తీసి పెట్టాను, అది మాత్రం పోలేదు.

అందుకని నేనే బిగిస్తున్నాను. అడగడం లేదు, చెబుతున్నాను. ప్రదర్శనకి ఇంకా పదకొండు వారాలున్నాయి. వచ్చే సరుకుల పడవకి జవాబు రాయండి. ఆ జాగ్రత్త డబ్బా దేనిదో రాయండి. ఒంట్లో ఎలా ఉందో కూడా రాయండి, కోపమున్నా అడగక తప్పదు కదా.

డబ్బాల మధ్య నుంచి,
మీ ఆవిడ

* * *

పంపుల డాక్టరు గారికి,

"వద్దు, చెయ్యి విరగ్గొట్టుకుంటావు, ఆగు" అని మీరు రాసిన మూడు మాటల ఉత్తరం అందింది. వెనకవైపు "జాగ్రత్త డబ్బా ఇంజను వేగం అదుపు చేసే గవర్నరుది" అని రాసినందుకు సంతోషం. మిగతా మూడు మాటలూ నేను చదవలేదనుకోండి.

మీ నోటి వాక్కు బంగారం, చెయ్యి నిజంగానే వాచింది. ఈ అక్షరాలు వంకరగా ఉన్నది అందుకే. కానీ అది చివర జరిగింది, మొదటి నుంచీ చెప్తాను. ముందు పిస్టన్లూ రింగులూ మూటగట్టుకుని, లేతు మిషను పెట్టుకున్న మన లేతు బాబాయ్ దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, రింగులు ఒక్కొక్కటే సిలిండరులో పెట్టి సందు కొలిచాడు. మళ్లీ కొలిచాడు. "ఇవి బాగానే ఉన్నాయి కదమ్మా, ఎందుకు విప్పారు?" అన్నాడు. పొగ వచ్చిందట బాబాయ్ అన్నాను. ఆయన మూతి విరిచి, "మీవారికి అనుమానం ఎక్కువ" అన్నాడు. నేను మిమ్మల్ని వెనకేసుకొచ్చాను, ఆయన చేతికి ఏ వస్తువైనా కొత్తగా ఉంటే తప్ప నచ్చదు బాబాయ్ అని చెప్పాను.

ఆ తర్వాత నాలుగు వారాలు ఎలా గడిచాయో నాకే తెలియదు. పొద్దున సంచులు కుట్టడం, సాయంత్రం నట్లు బిగించడం. పిస్టన్ దించేటప్పుడు రింగులు నొక్కిపెట్టడానికి అప్పడాల డబ్బా కత్తిరించి పట్టీ చేశాను, ఇక అప్పడాల ఊసెత్తకండి. నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోని ఒక పన్ను తేడాగా కూర్చోబెట్టి మూడు రోజులు దాన్ని తిట్టాను, తర్వాత నన్ను తిట్టుకున్నాను. డైనమోది ఆ ఇనప బద్ద ఉంది చూశారూ, చీటీ మీద ఎడమ అని ఉన్నది, అది ఎడమవైపు పట్టనే పట్టదు. రంధ్రాలు కలవవు. నా చేతిలోనే ఏదో తప్పుందనుకుని రెండు సాయంత్రాలు ఆకురాయితో అరగదీసి, సుత్తితో నాలుగు వేసి పట్టించాను. మీరు రాసిపెట్టాక తప్పెందుకవుతుందిలే అనుకున్నాను.

మొన్న ఆదివారం పొద్దున పెట్రోలు పోసి, బండి ముందుకెళ్లి ఇంజను తిప్పి లేపే హ్యాండిలు పట్టుకున్నాను. ఇన్నేళ్లలో ఆ చోట నేను నిలబడటం అదే మొదలు. ఫారంలో హ్యాండిలు కొట్టడానికి కుర్రాళ్లుండేవాళ్లు, ఇంటికొచ్చాక కొట్టేది మీరూ, సీటు మీద ఉండేది నేనూ కదా ఎప్పుడూ. బొటనవేలు చుట్టకూడదు, మిగతా వేళ్ల పక్కనే ఉంచాలి అని మీరు వందసార్లు చెప్పారు. చుట్టాను. అది ఎదురుతన్నింది. మణికట్టు గుమ్మడికాయంత అయింది. ఏడుస్తూ లోపలికొచ్చి, నీళ్లతో తడిపిన గుడ్డ చుట్టుకుని, మళ్లీ వెళ్లి ఎడం చేత్తో కొట్టాను. ఏడోసారికి లేచిందండీ. ఇంజను వేడెక్కాక పెట్రోలు నుంచి కిరసనాయిలుకి మార్చినా ఆగలేదు. నీలం పొగ లేదు, అసలు పొగే లేదు. షెడ్డు రేకులన్నీ అదురుతుంటే నేను తలుపు పట్టుకుని నిలబడిపోయాను. మీకు చెప్పాలనిపించింది. ఆ క్షణంలో మీ మీద ఏ కోపమూ లేదు.

కోపం సోమవారం వచ్చింది. బండి సిద్ధమైందని చెబుదామని మైకుగారి దగ్గరికి వెళ్తే, ఆయన ఫైలు తీసి మీరిచ్చి వెళ్లిన దరఖాస్తు చూపించాడు. నడిపేవారు: మీ పేరు. బాగుచేసినవారు: మీ పేరు. సహాయకులు: భార్య. నా పేరు కూడా కాదు, భార్య. పొరపాటున రాసి ఉంటారండీ, నా పేరు వేసుకోండి అన్నాను. "అలా కుదరదమ్మా, ఎవరు సంతకం పెట్టారో వాళ్లే మార్పు రాసివ్వాలి. కాగితంలో ఎవరుంటే వాళ్లే సీటు మీద. మీవారు రాలేరంటే, పోనీ ఆయన పేరు మీదే మా అబ్బాయిని ఎక్కిస్తాను" అన్నాడు. వాళ్లబ్బాయిని!

మీరు నన్ను ఏ రోజూ ఒక్క మాట అనలేదు, చెయ్యెత్తలేదు, సంపాదన దాచలేదు. అందుకే ఇది ఎవరికీ చెప్పుకోలేను కూడా. వింటే, ఓస్ ఇంతేనా అంటారు. ఇంతే. పదకొండేళ్లు నేను తోలిన బండికి నేను సహాయకురాలిని. ఎందుకలా రాశారో చెప్పండి. నేను బతిమాలను.

ఇట్లు,
భార్య

* * *

ఏమండీ,

కిందటి ఉత్తరానికి మీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగే ఓపిక లేక ఇది రాస్తున్నాను. నిన్న బూడిదని గోడకి గుద్దాను. కంగారు పడకండి. మోకాలు కమిలింది, అంతే. పక్కింటి వదిన గోడ రెండు వరసలు పడింది, దుప్పట్లు ఆరేసిన తాడు తెగింది, బూడిద మడ్‌గార్డు ఒకటి లోపలికి పోయింది. రేడియేటరు మీద వదిన పూల దుప్పటి కప్పుకుని అది పెళ్లికూతురిలా నిలబడింది. వదిన బయటికొచ్చి, "ఏమ్మా ట్రాక్టరమ్మా, పదకొండేళ్లు తోలానన్నావు, ఎడమకి తిప్పడం రాదా?" అంది. వీధి వీధంతా ఉంది అక్కడ.

నాకు తిప్పడం వచ్చు. ట్రాక్టరుకి వెనక చక్రాలకి రెండు వేరు వేరు బ్రేకులు, రెండు పెడళ్లు. ఇరుకు చోట మలుపు తిప్పాలంటే ఎటు తిరగాలో ఆ వైపు పెడలు ఒక్కటే తొక్కాలి, ఆ చక్రం ఆగి బండి దాని చుట్టూ తిరుగుతుంది. నిద్రలో కూడా నా కాలు అదే చేస్తుంది. పంపు గది మలుపులో ఎడమ పెడలు తొక్కాను. బూడిద కుడికి తిరిగింది. ఇంకా గట్టిగా తొక్కాను. ఇంకా కుడికి తిరిగి గోడెక్కింది. పదకొండేళ్లలో అది ఒక్కసారి కూడా నా మాట జవదాటలేదు. ఆ క్షణంలో నాకే మతి పోయిందనుకున్నాను.

లేతు బాబాయ్ వచ్చి అడుగు పలక విప్పి కింద దూరాడు. పెడళ్ల నుంచి బ్రేకులకి వెళ్లే కడ్డీలు రెండూ అటుది ఇటూ ఇటుది అటూ ఉన్నాయట. చీటీ చూసే పెట్టాను బాబాయ్, ఇదిగో, ఎడమ అని ఉంది అన్నాను. ఆయన చీటీ తీసుకుని ఇటు తిప్పి అటు తిప్పి, "ఎవరి ఎడమమ్మా ఇది?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. "బండికి ఎడమ అంటే సీటు మీద కూర్చున్నవాడి ఎడమ. ప్రపంచంలో ఏ షెడ్డుకి వెళ్లినా అంతే. ఈ చీటీలు రాసినాయన బండికి ఎదురుగా నిలబడి రాశాడు, హ్యాండిలు కొట్టే చోట. ఆయనకి ఎడమైంది బండికి కుడి." అని బాబాయ్ నవ్వడం మొదలుపెట్టాడు, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. డైనమో బద్ద గుర్తొచ్చింది. పాపం అది సరైనదే, నేనే రెండు రోజులు అరగదీసి పాడుచేశాను. చీటీలన్నీ తెచ్చి నేల మీద పరిచాను. కుడి ఎడమ రాసిన ప్రతిదీ తిరగబడి ఉంది. రంధ్రాలు కలవనప్పుడు నా కళ్లు కాదంటూనే ఉన్నాయి. నేనే నా కళ్లు వదిలేసి మీ చీటీని నమ్మాను. ఇది నాకు గోడ గుద్దినదానికంటే ఎక్కువ తగిలింది.

బాబాయ్ వెళ్లాక అక్కడే కూర్చుని ఆలోచించాను. మూడేళ్లలో మీరు ఆ సీటు మీద కూర్చోగా నేను చూడలేదు. ఆదివారాలు మధ్యాహ్నం దాకా షెడ్డులోనే ఉంటారు, తుడుస్తారు, రంగేస్తారు, పక్కన నిలబడి వచ్చినవాళ్లకి చూపిస్తారు. ఎక్కరు. ఎక్కనివారు నడిపేవారని ఎలా రాసుకున్నారు? ఎటు ఎడమో తెలియని మనిషి నా బండి మీద, నా గేటులోంచి, నేను పక్కన నడుస్తూ చప్పట్లు కొడుతుంటే లోపలికి వెళ్దామనుకున్నారా? నాకు ఇప్పుడు మీ మీద కోపం కాదు, మీరెవరో తెలియనట్టుంది. అదే ఎక్కువ భయంగా ఉంది.

కడ్డీలు మార్చేశాను. బండి సిద్ధం. ఇక మాట ఒక్కటే. కార్యదర్శికి మార్పు రాసి, సంతకం పెట్టి పంపండి. వచ్చే పడవ దాటితే ఇక టైము లేదు. కాగితం రాకపోతే నేను ప్రదర్శనకి వెళ్లను. మరునాడే బూడిదని తుక్కు వాళ్లకి తోలించేస్తాను. మీ పేరు మీద, మైకుగారబ్బాయి చేతిలో అది ఆ గేటు దాటడం కంటే అదే నయం. ఇది బెదిరింపు కాదు. తుక్కు అతనితో మాట్లాడి వచ్చాకే రాస్తున్నాను.

మీ కుడికో ఎడమకో ఉన్న
మీ ఆవిడ

* * *

ట్రాక్టరమ్మకి,

రెండు ఉత్తరాలూ ఒకే పడవలో వచ్చాయి. మోకాలు కమిలిందన్నావు, ఏ మోకాలో రాయలేదు. రాసినా నాకేం తెలుస్తుందిలే అనుకుని ఉంటావు. గోడ నేనొచ్చి కట్టిస్తానని వదినకి చెప్పు.

లేతాయన చెప్పింది నిజం. చీటీలు ఎదురుగా నిలబడే రాశాను. నా చోటు అదే, దాని ముందు. నువ్వు కళ్లారా చూడలేదన్నావు గానీ, నేను ఆ సీటు ఒకసారి ఎక్కాను. బండి ఇంటికొచ్చిన మొదటి వారం. మీ ఫారం వాళ్లు పదిమంది దాకా చూడ్డానికొచ్చారు. ఎక్కండి, ఎక్కండి అని నువ్వే ఎక్కించావు. క్లచ్చి వదిలాను, గెంతి ఆగిపోయింది. మళ్లీ గెంతింది, మళ్లీ ఆగింది. మూడోసారి నువ్వు నవ్వు ఆపుకోలేక, "దిగండి బాబూ దిగండి, అది మీ నీళ్ల పంపు కాదు" అన్నావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి దిగాను.

నువ్వు మర్చిపోయావని నాకు తెలుసు. నవ్వినవాళ్లకి గుర్తుండదు. ఇరవై ఏళ్లుగా నాకు తిండి పెట్టేవి నీళ్ల పంపులే. ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే పట్టించుకునేవాణ్ణి కాదు. నీతో చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఇంత చిన్నదానికా అంటావని. దరఖాస్తు నింపేటప్పుడు, ఒక్కసారి నేను పైన ఉండి నువ్వు కింద నిలబడి చూస్తే బాగుండుననిపించింది. తిరిగొచ్చాక నీకు తెలియకుండా ఎక్కడైనా నేర్చుకుందామనుకున్నాను. సహాయకులు అన్నచోట నీ పేరు రాయబోతే చెయ్యి ఆడలేదు. అందుకే భార్య అని రాశాను.

ఇంకొకటి ఉంది. ఇది చదివాక నువ్వేమన్నా పడతాను. రింగులకేం కాలేదు. నేను కొలిచాను, లేతాయన కొలవకముందే. పొగ వచ్చింది నూనె గీత దాటి ఎక్కువ పోయడం వల్ల. పోసింది నేనే, చూసుకోక. కాస్త వంచేస్తే పోయేది. నేను లేనప్పుడు నువ్వు దాన్ని తోలుకుంటూ వెళ్లి నీ పేరిచ్చేస్తావని, విప్పేశాను. అది బాగుచెయ్యడం కాదు. నువ్వు ఎక్కకుండా చెయ్యడం. నేను విప్పుతున్న వారం రోజులూ నువ్వు షెడ్డులోకి టీ తెచ్చి ఇచ్చావు. ప్రతిసారీ చెప్పేద్దామనుకున్నాను. టీ తాగి ఇంకో నట్టు విప్పేవాణ్ణి.

కార్యదర్శికి కాగితం ఇందులో పెట్టాను. నడిపేవారూ నువ్వే, బాగుచేసినవారూ నువ్వే. సహాయకులు దగ్గర ఏమీ రాయలేదు. అది నీ ఇష్టం. తుక్కు వాడికి మాత్రం ఇవ్వకు.

నీళ్ల పంపుల మనిషి

* * *

ఓడ మీద ఉన్న నా మొండి మొగుడికి,

కాగితం ప్రదర్శనకి మూడు రోజుల ముందు చేరింది. చదివి మొదట మైకుగారి దగ్గరికి పరుగెత్తలేదు. షెడ్డులోకి వెళ్లి పానా తీసుకుని గోడకేసి కొట్టాను. మణికట్టు వాపు, అరగదీసిన బద్ద, మాగ్నెటోతో మూడు రోజుల తిట్లు, వదిన గోడ, ఇదంతా ఒక గిన్నెడు నూనె వంచేస్తే పోయేదా? నాలుగు నెలలు నేను ఆ డబ్బాల వంక చూస్తూ, పాపం ఆయనకెంత శ్రద్ధో అనుకున్నానండీ! లేతు బాబాయ్ దగ్గర మిమ్మల్ని వెనకేసుకు కూడా వచ్చాను! ఆ రోజంతా మీతో మనసులోనే పోట్లాడాను. అన్ని మాటలూ నావే కాబట్టి గెలిచాను కూడా.

తర్వాత ఆ నవ్వు గుర్తు తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఫారం వాళ్లు రావడం గుర్తుంది, ఎవరెవరు వచ్చారో గుర్తుంది, ఆ రోజు నేను కట్టుకున్న చీర గుర్తుంది. మీరు ఎక్కడం, దిగడం మాత్రం గుర్తులేదు. అబద్ధం చెప్పారేమో అనుకుందామంటే, ఆ మాట నాదే, నేను తప్ప ఇంకెవరూ అలా అనరు. నన్ను సంచుల గదిలో పడేసిన రోజు ఫారం పెద్దాయన ఏమన్నాడో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఆయనకి గుర్తుండి ఉండదు. మీ ఉత్తరం చదివాక మొదటిసారి ఆ సంగతి తట్టింది. నవ్వినందుకు తప్పైపోయిందండీ. ఇది రాయడానికి మూడు కాగితాలు చింపాను.

ప్రదర్శన నిన్న జరిగింది. మీ కాగితం చూసి మైకుగారు గొణిగాడు గానీ పేరు మార్చాడు. సహాయకులు దగ్గర ఏం రాయమంటారమ్మా అంటే, ఖాళీగా ఉంచండి, ఆలోచించుకోవాలి అన్నాను. నన్ను మూడో వరసలో పెట్టారు. నా ముందు మెరిసిపోతున్న ఎర్ర బళ్లు, వాటి మీద చేతికి గ్లవుజులేసుకున్న పెద్దమనుషులు. నా బండికి లోపలికి పోయిన మడ్‌గార్డు. గేటు దగ్గరికొచ్చేసరికి గేరు తగ్గించాను. పాత కాపలాదారు ఇంకా అక్కడే ఉన్నాడండీ, గేటు రెండో రెక్క కూడా తీశాడు. బూడిదకి ఒక్క రెక్క చాలని అతనికీ తెలుసు. పదకొండేళ్లు ఒక్క రెక్కే తీశాడు. నేను లోపలికి వెళ్లాను. చాలా బాగుంది. ఇంతకంటే ఎలా రాయాలో తెలియడం లేదు, వెళ్లాను, అంతే, ఏడుస్తూ వెళ్లాను.

లోపల మైకుగారు ఒక్కో బండి దగ్గరికీ వచ్చి నాలుగు ముక్కలు అడుగుతున్నాడు. నా దగ్గరికొచ్చి, జనమంతా వింటుండగా, "ఇంజను పనంతా మీవారే చేశారా అమ్మా?" అని మైకు నా మూతి దగ్గర పెట్టాడు. నిజం చెప్పాలంటే ఆ ఒక్క క్షణంలో మీ గుట్టంతా బయటపెట్టేద్దామనిపించింది. మీ పరువు కాపాడదామనీ అనిపించింది. రెండూ ఒకేసారి నోటి దాకా వచ్చాయి. "విప్పింది ఆయన, బిగించింది నేను" అన్నాను. జనం గొల్లుమని నవ్వి చప్పట్లు కొట్టారు. ఎంత చక్కటి జంట అన్నాడు మైకుగారు. దాని అర్థం అక్కడ నాకొక్కదానికే తెలుసు, ఇక్కడ మీకొక్కరికే తెలుస్తుంది. బహుమతి ఎర్రబండికి వెళ్లింది. మడ్‌గార్డు చూసి మనకి మార్కులు తగ్గించారు.

మీరు విప్పినందుకు నా కోపం పోలేదు. ఎప్పుడు పోతుందో చెప్పలేను, కొన్నాళ్లు మీ టీ మీరే పెట్టుకోవాల్సి వస్తుంది. కానీ మీరొచ్చిన మొదటి ఆదివారం ఆ సీటు ఎక్కుతున్నారు. ముందు నిలబడి హ్యాండిలు నేను కొడతాను. మీరు క్లచ్చి వదులుతారు, అది గెంతుతుంది, ఆగిపోతుంది. మళ్లీ గెంతుతుంది. నేను నవ్వుతాను. నవ్వనని మాటివ్వలేను, నా నోటి సంగతి మీకు తెలుసు, వీధిలో పదిమంది ఉంటే వాళ్లూ నవ్వుతారు.

ఈసారి మాత్రం దిగకండి.

ఎదురుచూస్తూ,
మీ ట్రాక్టరమ్మ